చంపడం తెలియని వేటకుక్క

బ్రైటన్, 1865. ఇంగ్లండ్ దక్షిణ తీరాన, సముద్రపు గాలి కోసం లండన్ శ్రీమంతులు వచ్చి దిగే ఊరు. ఊరి శివారు పచ్చిక గుట్టల మీద ఒక తండ్రీ కొడుకూ నడుస్తున్నారు. తండ్రి డడ్లీ కూట్స్ మార్చ్‌బ్యాంక్స్. నలభై దాటినవాడు, పార్లమెంటు సభ్యుడు, స్కాట్లండ్ కొండల్లో వేల ఎకరాల వేటభూమికి యజమాని. కొడుకు ఎడ్వర్డ్ ఇంకా చదువుకునే వయసువాడు. ఎదురుగా చెప్పులు కుట్టి బతికే ఒకతను వస్తున్నాడు. అతని కాలి పక్కనే ఒక కుక్క. కోతకొచ్చిన వరిచేను రంగు.

మార్చ్‌బ్యాంక్స్ ఆగిపోయాడు.

ఆగడానికి కారణముంది. ఆ తలకట్టు, ఆ ఛాతీ, అలలు తిరిగిన ఆ బొచ్చు అన్నీ వేటలో వాడే రిట్రీవర్‌వి. రంగొక్కటే కాదు. ఆ కాలపు వేటగాళ్ల లెక్కలో రిట్రీవర్ అంటే నలుపు. పైగా రిట్రీవర్ అనేది దొరల ఎస్టేట్లలో పెరగాల్సిన జీవం, చెప్పుల కొట్టు దగ్గర కాదు.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది?" అని అడిగే ఉంటాడు. దానికి వచ్చిన జవాబును ఆ కుటుంబం తరతరాలుగా ఇలా చెప్పుకుంది. బ్రైటన్ పక్కనే స్టాన్మర్‌లో చిచెస్టర్ ప్రభువు ఎస్టేటు. అక్కడ వేటభూమిని చూసుకునే నౌకరు ఒకడు ఈ చెప్పులతనికి బాకీ పడ్డాడు. చేతిలో డబ్బు లేదు. ఎస్టేటు కుక్క వేసిన ఒక ఈతలో పిల్లలన్నీ నలుపు, ఒక్కటి మాత్రం పసుపు. ఆ ఒక్కదాన్నీ తెచ్చి బాకీ కింద జమ కట్టించాడు.

నల్ల తల్లికీ నల్ల తండ్రికీ పసుపు పిల్ల పుట్టడం వింత కాదని ఇవాళ మనకు తెలుసు. నల్ల రంగును బొచ్చులోకి రానివ్వని జన్యువు తల్లిలో ఒకటీ తండ్రిలో ఒకటీ దాగి ఉంటుంది. ఆ రెండూ ఒకే పిల్లకు చేరితే అది పసుపవుతుంది. 1864 జూన్‌లో పుట్టిన ఆ పిల్లకు జరిగింది అదే. అప్పటివాళ్లకు మాత్రం అది పనికిరాని రంగు. బాకీకి చెల్లగొట్టడానికి అంతకంటే తేలికైన సరుకు ఏముంటుంది?

మార్చ్‌బ్యాంక్స్ కుక్కను కొన్నాడు. నౌస్ అని పేరు. తన కుక్కల వివరాలు రాసుకునే పుస్తకంలో దాని గురించి నాలుగు ముక్కలు రాసుకున్నాడు: పేరు, చిచెస్టర్ ప్రభువు జాతి, పుట్టిన నెల, బ్రైటన్‌లో కొన్నది అని. ఈ కథకు పునాది ఆ నాలుగు ముక్కలే. మిగతాదంతా ఆ కాలపు వేట పద్ధతులను బట్టి, కుక్క స్వభావాన్ని బట్టి మనం కూర్చుకోవాలి.

రైలెక్కి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది నౌస్. స్కాట్లండ్‌లో ఇన్వర్నెస్ దాటి లోయల్లోకి వెళితే గిషాకన్ అనే ఎస్టేటు. పైన్ చెట్లు, బురద నేలలు, వాగులు, మోకాలెత్తు హెదర్ పొదలు. పట్నం వీధిలో తోలు వాసనల మధ్య ఏడాది పెరిగిన కుక్కకు అది ఎంత కొత్త లోకమో ఊహించండి.

అప్పుడు వేట పద్ధతే మారిపోతోంది. గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకులు పోయి, వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాయి. వేటగాడు వెంటవెంటనే కాల్చగలడు, దూరానికి కాల్చగలడు. పక్షులు ఎక్కువ పడుతున్నాయి, దూరంగా పడుతున్నాయి. పొదల్లో పడ్డది కనిపించదు, వాగులో పడ్డది కొట్టుకుపోతుంది. అలా పడ్డదాన్ని వాసన పట్టి వెతికి, నలగకుండా నోట కరుచుకుని తెచ్చి చేతికివ్వడమే రిట్రీవర్ పని.

ఈ పని ఎంత గొప్పదో మనకు వెంటనే అర్థం కాదు. కుక్క నోటికి మాంసం అందింది. రక్తం వాసన వస్తోంది. ఒక్కోసారి పక్షి ఇంకా ప్రాణంతో రెక్కలు కొట్టుకుంటూ ఉంటుంది. అయినా పన్ను దిగకూడదు. దవడకు ఎంత బలముందో అంతా ఉపయోగించకుండా ఉండటమే దాని విద్య. మంచి రిట్రీవర్ కోడిగుడ్డును నోట పట్టుకుని పగలకుండా తెచ్చిస్తుంది. వేటలో తుపాకీ పేలాకనే దాని వంతు మొదలవుతుంది. చంపడంతో దానికి నిమిత్తం లేదు.

మామూలుగా ఈ చదువు పిల్లప్పుడే మొదలుపెడతారు. నౌస్‌ను తీసుకున్న నౌకర్లకు ఆ అవకాశం లేదు. వాళ్లకు చిక్కింది అప్పటికే ఏవో అలవాట్లు పడ్డ కుక్క. ఆ కాలంలో కుక్కకు పని నేర్పడమంటే దాన్ని లొంగదీయడమేననీ, కొరడా లేకుండా కాదనీ నమ్మేవాళ్లే ఎక్కువ. 1848లో హచిన్సన్ అనే సైనికాధికారి పుస్తకం రాసి, ఓపికతో, మెప్పుతో నేర్పితేనే కుక్క నిలకడగా పనిచేస్తుందని వాదించాడు. గిషాకన్ నౌకర్లు ఏ దారి పట్టారో గాని, నౌస్ వేటలో పనికొచ్చిందనడానికి మాత్రం ఒక సాక్ష్యముంది. పనికిరాని కుక్కతో ఏ వేటగాడూ సంతానం కట్టించడు. మార్చ్‌బ్యాంక్స్ కట్టించాడు.

ట్వీడ్ నది ఒడ్డున లేడీకర్క్ నుంచి అతని బంధువు ఒక ఆడకుక్కను పంపాడు. పేరు బెల్. ట్వీడ్ వాటర్ స్పానియల్ జాతి, నీళ్లంటే ప్రాణం పెట్టే జాతి, ఇప్పుడు అంతరించింది. 1868లో నౌస్‌కూ బెల్‌కూ పసుపు పిల్లలు పుట్టాయి. క్రోకస్, కౌస్లిప్, ప్రిమ్‌రోజ్ అంటూ పసుపు పూల పేర్లు పెట్టారు. ప్రపంచమంతా ఇవాళ గోల్డెన్ రిట్రీవర్ అని పిలుచుకునే జాతికి మూలం ఆ ఈత.

విచిత్రమేమంటే ఈ నిజం చాలాకాలం మరుగున పడిపోయింది. మార్చ్‌బ్యాంక్స్ 1881లో ట్వీడ్‌మౌత్ ప్రభువయ్యాడు, 1894లో చనిపోయాడు. ఆ తర్వాత ఇంకో కథ పుట్టి జనం నోళ్లలో నానింది. బ్రైటన్‌లో ఒక రష్యన్ సర్కస్ వచ్చిందనీ, అందులో ఆడే కుక్కల గుంపు మొత్తాన్నీ దొరగారు కొనేశారనీ, గోల్డెన్ రిట్రీవర్లు వాటి సంతానమనీ. సర్కస్ కథ రంగులమయం, బాకీ కింద వచ్చిన కుక్క కథ చప్పటిది. జనం రంగుల కథనే నమ్మారు. 1952లో ఆ కుటుంబానికే చెందిన ఇల్‌చెస్టర్ ప్రభువు పాత రికార్డు పుస్తకాన్ని ఆధారం చేసుకుని 'కంట్రీ లైఫ్' పత్రికలో అసలు సంగతి బయటపెట్టాడు. అందులో సర్కస్ లేదు, రష్యా లేదు. నౌస్ ఉంది. గిషాకన్ భవనం ఇప్పుడు పైకప్పు లేని శిథిలం. 2023లో ఆ శిథిలం ముందు 488 గోల్డెన్ రిట్రీవర్లను తీసుకొచ్చి నిలబెట్టారు వాటి యజమానులు.

రాయచూరు జిల్లాలో కూర్చుని ఈ కథ చెప్పడానికి కారణం మా క్యాంపులు.

1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యి, ఎడమ కాలువ నీళ్లు సింధనూరు, మాన్వి నేలలకు అందుతాయని తెలిసి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు తట్టాబుట్టా సర్దుకుని ఇటు వచ్చారు. జొన్న పండే నల్లరేగళ్లను మడులు చేసి వరి పండించారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లే క్యాంపులయ్యాయి. ఆ రైతుల మనవలు ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. అపార్ట్‌మెంటులో ముచ్చటపడి లాబ్రడార్ పిల్లను కొంటారు. రెండు మూడేళ్లకు అది ముప్ఫై కిలోలవుతుంది. ఇంట్లో పసిబిడ్డ పుడుతుంది, లేదా వీసా వస్తుంది. ఒక ఆదివారం కారెక్కించి క్యాంపులో తాతగారింటి దగ్గర దింపి వెళతారు. బాకీ కింద చేతులు మారిన నౌస్‌కూ వీటికీ నాకు పెద్ద తేడా కనపడదు.

మా మావయ్య ఇంటికి బ్రూనో అలాగే వచ్చింది. నాలుగేళ్ల లాబ్రడార్, నడుము కనిపించనంత ఒళ్లు. దింపినవాళ్లు వెళ్లిపోయాక గేటు దగ్గర పడుకుని రోడ్డు మీద పోయే ప్రతి కారుకీ తల ఎత్తింది. అన్నం ముట్టలేదు. అత్తయ్య పెరుగన్నం కలిపి పెడితే వాసన చూసి వదిలేసింది.

"మొదటి రోజుల్లో దానికేం నేర్పొద్దే, దాని మానాన దాన్ని వదిలెయ్యి" అన్నాడు మావయ్య అత్తయ్యతో. "ముందు మన ఇల్లు దానికి తెలియాలి. మనకు అది తెలియాలి."

పెరిగిన కుక్కను తెచ్చుకున్నవాళ్లలో చాలామంది పొరపడేది ఇక్కడే. వచ్చిన మర్నాడే "కూర్చో, లే" మొదలుపెడతారు. పిల్ల అయితే ఖాళీ పలక. నాలుగేళ్ల కుక్క అంతకుముందే ఎవరిదో ఒకరి చేతిరాతతో నిండిపోయి వస్తుంది. దాన్ని చదవకుండా పైన రాయబోతే రెండూ అలుక్కుపోతాయి. మావయ్య చేసిన మొదటి పని పశువుల డాక్టరుకు చూపించడం. తుంటి కీళ్లు ఎలా ఉన్నాయి, పిడుదుల జ్వరం ఉందా, గుండె బాగుందా అని. లాబ్రడార్లకు తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ. ఒళ్లు తగ్గించకుండా పరుగెత్తిస్తే కుంటిదవుతుంది. తిండి కొలిచి పెట్టి, పొద్దున్నే కాలువ గట్టు మీద నడిపించి, నెలల మీద దాని నడుము బయటికి తెచ్చాడు.

వేటకుక్కను చేస్తానని ఆయన అన్నప్పుడు క్యాంపులో ఎవరూ నమ్మలేదు. అందుకు వాళ్లను తప్పుపట్టలేం. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేల మీద వేటకుక్క అంటే వేరే. బోయలు, బేడ నాయకులు తరతరాలుగా కుందేళ్ల మీదికి వదిలిన కుక్కలు సన్నటి నడుము, పొడుగు కాళ్లు, ముందుకు చొచ్చుకుపోయే మూతి ఉన్నవి. పక్క బాగల్‌కోట్ జిల్లాలోని ముధోల్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ముధోల్ హౌండ్ వాటిలో మేటి. 2005లో దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది. అది కంటిచూపుతో వేటాడుతుంది. కుందేలు లేచిందా, గాలిలో తేలినట్టు తరుముకుపోయి పట్టేస్తుంది. దాని వేట పట్టడంతో ముగుస్తుంది. రిట్రీవర్ వేట తెచ్చివ్వడంతో ముగుస్తుంది. మనవాళ్లకు తెలిసినది మొదటిదే.

బ్రూనోకు బాగా వచ్చిన విద్య ఒకటుంది: చెప్పు నోట కరుచుకుని పారిపోవడం. పట్నంలో పిల్లలు దాని వెంటపడి నవ్వుతూ తరిమేవారట. దానికది ఆట. రిట్రీవర్ నేర్పేవాళ్లకు ఇంతకంటే తలనొప్పి లేదు, ఎందుకంటే తెచ్చి ఇవ్వాల్సిన కుక్క తీసుకుని పారిపోతోంది. మావయ్య దాన్నొక దోషంగా చూడలేదు. వస్తువును నోట పట్టుకోవాలనే కోరిక దానిలో నిలువునా ఉందనడానికి గుర్తుగా చూశాడు. ఆ కోరిక లేని కుక్కకు ఎవరూ ఏమీ నేర్పలేరు.

గోనెసంచి ముక్కలో పాతగుడ్డలు కుక్కి, మూరెడు పొడుగున గట్టిగా కుట్టించాడు. పిడికిట్లో పట్టేంత లావు. బ్రూనో మెడపట్టీకి పొడుగాటి నైలాన్ తాడు కట్టాడు. రెండు పక్కలా గోడలున్న పశువుల కొట్టం సందులో నిలబడి గోనెముక్కను పదడుగుల దూరం విసిరాడు. బ్రూనో దూకి పట్టుకుంది. ఎప్పటిలాగే పారిపోవాలని చూసింది. సందులో దారి ఒక్కటే, అది మావయ్య ఉన్న వైపు. ఆయన తాడు లాగలేదు, అరవలేదు. వెనక్కి తిరిగి మెల్లగా నడిచి దూరం జరిగాడు. తరిమేవాడు లేకపోతే పారిపోవడంలో ఆటేముంది? కుక్క నిలబడి ఆలోచించింది. తర్వాత గోనెముక్కతోనే ఆయన వెనక వచ్చింది. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని మెడ నిమిరాడు, ఛాతీ నిమిరాడు. నోట్లోది మాత్రం ముట్టుకోలేదు. తెచ్చినదాన్ని వెంటనే లాక్కుంటే కుక్క దాన్ని బిగించి పట్టడం నేర్చుకుంటుంది, దవడ మొరటుదవుతుంది. కాసేపు దాని దగ్గరే ఉండనిచ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టి "వదులు" అన్నాడు. వదలగానే మళ్లీ విసిరాడు. ఇచ్చేస్తే పోదనీ, ఇంకోటి వస్తుందనీ దానికి తెలియాలి. ఇంకా ఉత్సాహం ఉండగానే పాఠం ఆపేశాడు.

తుపాకీ మోత ఇంకో గండం. దీపావళి టపాసులకు మంచం కిందికి దూరే కుక్క అది. పెద్ద శబ్దానికి బెదిరే కుక్కను మోత దగ్గరికి బలవంతాన లాక్కెళితే జన్మంతా పాడవుతుంది. అది అన్నం తింటున్నప్పుడు దూరంగా, పొలం అవతలి గట్టు మీద, పాలేరు ఇనప పళ్లెం మీద ఒక్క దెబ్బ కొట్టేవాడు. తల ఎత్తి చూసి మళ్లీ తింటే సరి, ఆపేస్తే ఆ రోజుకు అంతే. అడుగులు దగ్గర చేస్తూ, వారాల మీద మావయ్య ఆ మోతనే "ఇక విసురుతాడు" అనే కబురుగా మార్చాడు.

ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే. ఏప్రిల్ వస్తే నలభై డిగ్రీలు దాటుతుంది. లాబ్రడార్‌కు లోబొచ్చు ఒకటి, పైబొచ్చు ఒకటి. మంచు ప్రాంతపు చేపల పడవల్లో పనిచేసిన కుక్కల సంతానం అది. న్యూఫౌండ్లండ్ నుంచి ఇంగ్లండ్ రేవులకు వచ్చిన నల్లకుక్కలను మామ్స్‌బరీ ప్రభువులు పెంచి, వాటి సంతానంలో కొన్నిటిని 1880లలో బక్లూ డ్యూక్‌కు ఇవ్వబట్టే ఆ జాతి నిలిచింది. అలాంటి ఒంటిని రాయచూరు మిట్టమధ్యాహ్నం పరుగెత్తించడం ప్రాణం తీయడమే. అందుకే మావయ్య పాఠాలన్నీ తెల్లవారుజామునే. కాలువలో నీళ్లున్న నెలల్లో ఉపకాలువలో విసిరేవాడు. మొదటిసారి నీళ్లలోకి దిగినప్పుడు దాని కళ్లు మారిపోవడం నేను చూశాను. ఎవరూ నేర్పని ఈత అది. తోకను చుక్కానిలా తిప్పుతూ, తల నిటారుగా పెట్టి, గోనెముక్కను నీళ్ల మీదే పట్టి తెచ్చింది. నాలుగేళ్లు ఎనిమిదో అంతస్తు బాల్కనీలో ఉన్న కుక్క!

కోళ్ల ఈకలు గోనెముక్కకు చుట్టి కట్టడం, మడి గట్ల మీద దాన్ని ఈడ్చి వాసన జాడ వేయడం, కుక్క చూడకుండా చెరుకు తోటలో దాచి వెతికించడం అన్నీ అయ్యాక క్యాంపు కుర్రాళ్ల చూపు దాని మీద పడింది. ఉగాది దగ్గర పడుతోంది. ఇటు పల్లెల్లో పండగకు కుందేళ్ల మీదికి గుంపుగా పోవడం పాత వాడుక.

"తాతయ్యా, రేపు కుందేళ్లకు పోతున్నాం. బ్రూనోని మాతో పంపించండి" అన్నాడొకడు.

"కుందేలును ముడితే కేసు. కౌజు పిట్టను ముట్టినా కేసే. 1972లోనే చట్టం వచ్చింది, తెలీదూ?"

"ఎవరు చూస్తారు తాతయ్యా..."

"చూసేవాళ్ల మాట కాదురా అబ్బాయ్. ఆ పొలాల్లో కుందేళ్లు ఎన్ని మిగిలాయో నువ్వే చెప్పు. నా చిన్నప్పుడు జింకలు మందలు మందలుగా ఉండేవి ఇక్కడ. పైగా, దీనికి నేర్పింది తెచ్చివ్వడం. తరిమి చంపే గుంపులో ఒక్కసారి కలిపితే, దాని నోటికి నేర్పిన నెమ్మదంతా ఆ ఒక్క రోజులో పోతుంది."

"మరి వేట లేనప్పుడు వేటకుక్క ఎందుకండీ?"

మావయ్య దానికి మాటలతో జవాబివ్వలేదు. గోనెముక్క తీసి, కోసిన మడిలో మోళ్లకు అవతల, కుక్కకు కనపడని గుంటలో దాచి రమ్మని ఆ కుర్రాణ్నే పంపాడు. పళ్లెం మోగింది. బ్రూనో ఒళ్లంతా వణుకుతోంది, కాలు మాత్రం కదపలేదు. మావయ్య దాని చెవి దగ్గర వంగి "తే" అన్నాడు. అది వెళ్లింది. గాలికి ముక్కెత్తి, అడ్డంగా తిరిగి, జాడ తప్పి, మళ్లీ పట్టి, గుంటలోకి దూరి తెచ్చింది. ఎదురుగా వచ్చి కూర్చుని తల ఎత్తి ఇచ్చింది. ఆ కుర్రాడు గోనెముక్కను తిప్పి తిప్పి చూశాడు. ఈక ఒక్కటి కూడా నలగలేదు.

కుక్కకు కావలసింది ఎదుటి జీవం ప్రాణం కాదని నా నమ్మకం. దానికి కావలసింది ఒక పని, ఆ పని చేయించే ఒక మనిషి. చట్టం మన చేతిలోంచి తుపాకీ తీసుకుందేగాని, రిట్రీవర్ నోట్లోంచి దాని పని తీసుకోలేదు. ఊళ్లో వదిలేసిన లాబ్రడార్లు గొలుసులకు కట్టేసి ఒళ్లు పెరిగిపోతుంటే చూడలేక చెబుతున్నాను, ఒక గోనెముక్క, ఒక తాడు, తెల్లవారుజామున పావుగంట చాలు వాటికి. వయసు అడ్డం కాదు. కీళ్లు బాగుంటే ఎనిమిదేళ్ల కుక్క కూడా నేర్చుకుంటుంది, కాకపోతే విసిరే దూరం తగ్గించాలి, దూకించే గట్లు తగ్గించాలి.

ఈ మధ్య ఆ కుర్రాడే రోజూ వస్తున్నాడు పళ్లెం మోగించడానికి. బ్రూనో ఈలకు ఆగుతుంది, చేతి సైగకు కుడివైపు తిరుగుతుంది. ఎడమ మాత్రం ఇంకా పట్టుబడలేదు. కోతలయ్యాక బీడు పొలంలో ఎడమ పక్కన మాత్రమే దాచి చూద్దామంటున్నాడు మావయ్య.